నమూనా కన్నా ఆలస్యంగా కరిగిన మందు

1937 ఆగస్టు 12, గురువారం. ఏలూరు. తెల్లవారుజాము నుంచి ముసురు, పొద్దెక్కాక తెరిపి. హాజరైనవారు: పెద్ద డాక్టరుగారు, కెమిస్టుగారు, ఏలూరు మందుల వ్యాపారి ఒకాయన, తాడేపల్లిగూడెం నుంచి మా బావగారు, నేను.

నా డైరీలో ఏ పేజీ అయినా ఇలాగే మొదలవుతుంది. ముందు తేదీ, తరవాత వాతావరణం, ఆ తరవాత ఎవరెవరున్నారో. జరిగిందేమిటో చివర రాస్తాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇలా రాశాను, ఉద్యోగం మానాక కూడా ఇలాగే రాస్తున్నాను. ఆనాటి పేజీలో మాత్రం "బావగారి సరుకు తీసివేశారు" అని ఒక్క ముక్క రాసి పుస్తకం మూసేశాను. అంతకు మించి రాయబుద్ధి కాలేదు. ఇప్పుడు అందులో ఉన్నవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు కనుక రాస్తున్నాను.

అప్పట్లో నేను ఏలూరులో ఒక ఆసుపత్రిలో, మందులు పరీక్షించే గదిలో సహాయకుణ్ణి. గది అంటే పెద్ద గదేమీ కాదు. వరండా చివర అడ్డుగోడ కట్టి, కిటికీకి గాజుపలకలు బిగించిన చోటు. మా పైన కెమిస్టుగారు. ఆయన మద్రాసులో చదువుకున్నవారు. ఆయన పైన పెద్ద డాక్టరుగారు. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళల్లో ఉన్న చిన్న వైద్యశాలలు ఎవరి దగ్గర మందులు కొనాలో మా గదే తేల్చేది. మేం సరే అన్న సరుకు పడవల మీద లంక గ్రామాలకు వెళ్ళేది. వద్దన్న సరుకు ఎవరిదో ఒక కాగితం మీద రాసి, ఆసుపత్రి గుమ్మం పక్కన బోర్డుకి అంటించేవారు. ఆ కాగితాన్ని చదువు రానివాళ్ళు కూడా చదివించుకుని మరీ వెళ్ళేవారు.

కొల్లేటి జనానికి అన్ని మందుల కంటే ఎక్కువ కావలసింది ఆస్పిరిన్. నడుంలోతు నీళ్ళల్లో నిలబడి వలలు లాగే మనుషులు. నడివయసు రాకుండానే మోకాళ్ళు వాచిపోయేవి, వేలికణుపులు బిగుసుకుపోయేవి. ఆ బిళ్ళ వేసుకున్న పూట వాపు కాస్త దిగి, దోనె ఎక్కగలిగేవారు. బిళ్ళ లేని పూట ఇంట్లో కూర్చునేవారు. ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగదు.

మా ఇళ్ళన్నీ ఆ నీళ్ళ ఒడ్డువే. మా బావగారు, అంటే మా అక్క భర్త, కూడా ఆ నీళ్ళల్లోంచి వచ్చినవారే. వాళ్ళ నాన్నా తాతా చేపలు పట్టారు. ఈయన మిషను బడిలో చదువుకుని, కొన్నాళ్ళు కాంపౌండరుగా చేసి, గూడెంలో స్టేషను వీధిలో మందుల షాపు పెట్టారు. మావాళ్ళల్లో షాపు పెట్టిన మొదటి మనిషి ఆయన. కొత్తలో వీధిలో వాళ్ళకి అదొక వినోదం.

"ఏవండీ, ఈ దగ్గుమందులో కొరమీను నూనేవీ కలవలేదు గదా?" అనేవారు సీసా ముక్కు దగ్గర పెట్టుకుని.

"కలిస్తే మీ అదృష్టం అండీ. ఈమధ్య కొరమీను దొరకటం లేదు" అనేవారు బావగారు.

నవ్వుతూనే అనేవారు. ఇంటికొచ్చాక నవ్వేవారు కాదు. అయినా మెల్లమెల్లగా వీధి అలవాటు పడింది. ఆయన దగ్గర బిళ్ళ పనిచేస్తుందని పేరు వచ్చింది. గణపవరం నుంచి కూడా వచ్చి పట్టికెళ్ళేవారు. అప్పుడే ఆయనకి ఆ కోరిక పుట్టింది, తన తండ్రి మోకాళ్ళు వాచిన ఆ లంకలకే తన చేతి మందు పంపాలని. సరుకు పరీక్షకి పెట్టారు.

అంచేత ఆ గురువారం తేలవలసింది ఒక్కటే. ఆయన అమ్మేది అసలైన మందా, కాదా. అవునంటే లంకలకు ఆయన డబ్బాలు వెడతాయి. కాదంటే బోర్డు మీద కాగితం పడుతుంది, గూడెం వీధి ఆయన్ని మళ్ళీ చేపలరేవుకి పంపించేస్తుంది. ఆయన పరీక్షకి వేసుకొచ్చిన కోటు పెళ్ళినాటిది. చంకల దగ్గర బిగుతుగా ఉంది. దాంతో చేతులు కిందికి దించలేక, ఎవరికో దణ్ణం పెట్టబోతున్నట్టు నిలబడ్డారు.

పరీక్ష ఎలా చేసేవారో చెప్పాలి. మా గదిలో థర్మామీటరు పాతది. దాని అంకెల్ని కెమిస్టుగారు నమ్మేవారు కాదు. అందుకని ఆయన మద్రాసు నుంచి స్వచ్ఛమైన ఆస్పిరిన్ పొడి ఒక సీసాతో తెప్పించారు. దాన్ని నమూనా అనేవాళ్ళం. ఎవరి సరుకైనా వస్తే, వెంట్రుకల్లాంటి గాజుగొట్టాలు రెండు తీసుకుని, ఒకదాంట్లో ఆ సరుకు నూరిన పొడీ, రెండోదాంట్లో నమూనా కూరేవారు. రెంటినీ థర్మామీటరుకి చెరోపక్కా దారంతో కట్టి, నూనెలో ముంచి, కింద స్పిరిటుదీపం పెట్టేవారు. నూనె వేడెక్కుతుంది. రెండు పొడులూ ఒక్కసారే కరిగి నీరైతే సరుకు అసలైనది. ఒకటి ముందూ ఒకటి వెనకా అయితే కాదు. అంకెలతో పనిలేదు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. ఈ మందు చెడిందంటే దాంట్లోంచి వేరే ఆమ్లం ఒకటి విడిపోతుంది. కడుపులో మంట పెట్టేది అదే. ఇనుపలవణం కలిపిన పసుపుపచ్చటి నీళ్ళు ఒక చుక్క వేస్తే ఊదారంగు తిరిగి ఆ ఆమ్లం బయటపడుతుంది. కాని నమూనాతో సమంగా కరిగిన సరుకుకి మళ్ళీ ఈ పరీక్ష దేనికి, కాలం దండగ అని పెద్ద డాక్టరుగారు మాన్పించేశారు.

ఆ నమూనా సీసా అంటే కెమిస్టుగారికి ప్రాణం. ఆయనదీ డెల్టాలో పల్లెటూరే. ఆ నేలలో పుట్టిన ఎవరికైనా చెమ్మను మించిన శత్రువు లేదు. వానాకాలంలో కాస్త తెరిపి ఇస్తే చాలు, ప్రతి ఇంటి ముందూ చింతపండు, మిరపకాయలు, కందిపప్పు, పరుపులు, పెట్టె అడుగున పట్టుచీరలు, అన్నీ ఎండలోకి వచ్చేస్తాయి. ఆయనా అంతే. ఎండ పొడగట్టిందంటే సీసా మూత తీసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, చేటలో పెట్టి, పిట్టగోడ మీద ఉంచేవారు. ఆ చేట ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. కాకి వాలకుండా పక్కనే కుర్చీ వేసుకు కూర్చునేవారు. తనిఖీకి వచ్చిన దొర ఒకడు అది చూసి, ఇంత శ్రద్ధ ఎక్కడా చూడలేదని మెచ్చుకు వెళ్ళాడు కూడా.

వాన వెలిసిన వెంటనే కాసే ఎండలో కొల్లేటి వైపు నుంచి ఎంత ఆవిరి లేస్తుందో మాకందరికీ తెలుసు. ఒళ్ళంతా చెమట పట్టి చొక్కా వీపుకి అంటుకుపోతుంది. ఆ ఆవిరి ఆ పల్చటి గుడ్డలోంచి సీసాలోకి కూడా పోతుందని ఒక్కరికీ తోచలేదు. ఎండలో పెట్టింది ఏదైనా బాగుపడుతుందన్నదే మా అందరి నమ్మకం.

ముందు ఏలూరు వ్యాపారి సరుకు కట్టారు. ఆయన ఏళ్ళ తరబడి లంకలకు మందు పంపుతున్నవాడు. నమూనా మెత్తబడింది, ఆయనదీ మెత్తబడింది. రెండూ కలిసి కూడబలుక్కున్నట్టు కరిగిపోయాయి.

"కవలపిల్లలండీ" అన్నాడాయన, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ.

తరవాత బావగారిది. నమూనా మళ్ళీ అక్కడికక్కడే మెత్తబడి, జారి, కరిగింది. బావగారి పొడి మాత్రం తెల్లగా, గట్టిగా, ఉన్నచోటే ఉంది.

"అలా నిలబడిపోయిందేవండీ గూడెం సరుకు?" అన్నాడు వ్యాపారి. "రైలు దిగి నడిచొచ్చింది గదా, బడలికేమో."

బావగారు ఆయన వైపు చూడలేదు. "కెమిస్టుగారూ, కొంచెం ఆగండి. కరుగుతుందండీ."

"కరుగుతుంది లేవయ్యా. అంత మంట పెడితే రాయి కూడా కరుగుతుంది" అన్నారు పెద్ద డాక్టరుగారు.

కరిగింది. కాని నమూనా కరిగిన చాలాసేపటికి. కెమిస్టుగారు దీపం ఆర్పి, కళ్ళజోడు తీసి, "ఇది ఆ మందు కాదండీ. వేరే పదార్థం" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అలవాటుగా అన్నారు.

బావగారు సంచిలోంచి మైనంతో మూసిన కొత్త డబ్బా తీశారు. "ఇది ఇక్కడే మీ ఎదుట విప్పుతానండీ. మళ్ళీ కట్టండి" అన్నారు. కట్టారు. మళ్ళీ అంతే. నమూనా ముందు, ఆయనది వెనక.

పెద్ద డాక్టరుగారు నా వైపు తిరిగారు. "మీవాడు ఏం కలిపాడయ్యా? సుద్దా, పిండా?"

"కలిపే మనిషి కాదండీ" అన్నాను.

"నీకు బావ గదా. నిన్నడగటం నాదే పొరపాటు."

"కొల్లేటి గుల్లలు కాల్చి సున్నం చేసే చేతులు గదండీ" అన్నాడు వ్యాపారి. "తెల్లటి పొడికి వాళ్ళకేం లోటు?"

అప్పుడు బావగారు ఆయన వైపు చూశారు. "అవునండీ, చేపలవాళ్ళ పిల్లాణ్ణే. మా ఇంట్లో చేప చెడితే అవతల పారేసేవాళ్ళం. మీ ఇంట్లో సరుకు చెడితే ఏం చేస్తారో నాకు తెలీదు." అని, కెమిస్టుగారితో మళ్ళీ మెత్తగా, "ఒక్కటి చెయ్యండి చాలు. నాదీ ఆయనదీ కాకుండా మూడోవాళ్ళ సరుకేదైనా కట్టి చూడండి" అన్నారు.

"చూసింది చాలు" అన్నారు పెద్ద డాక్టరుగారు. మధ్యాహ్నం భోజనాల వేళకి కాగితం బోర్డు ఎక్కింది.

భోజనం అయ్యాక కెమిస్టుగారు గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశారు. మూడోవాళ్ళ సరుకన్న మాట ఆయన్ని వదల్లేదు లాగుంది. పెద్ద డాక్టరుగారు తన తలనొప్పికని సొంతానికి తెప్పించుకునే సీమ ఆస్పిరిన్ బిళ్ళలు అలమరలో ఉన్నాయి. అందులోంచి ఒకటి తీసి, నూరి, నమూనాతో పాటు కట్టారు. నేను దీపం వెలిగించాను.

నమూనా ముందు కరిగింది. సీమబిళ్ళ తెల్లగా నిలబడింది, బావగారి సరుకు లాగే.

కెమిస్టుగారు దీపం ఆర్పారు. నాలుగు పెద్ద గాజుగొట్టాలు కడిగించి వరసగా పెట్టించారు. ఒకదాంట్లో సీమబిళ్ళ, ఒకదాంట్లో బావగారిది, ఒకదాంట్లో ఏలూరు వ్యాపారిది, చివరిదాంట్లో నమూనా. ఇనుపలవణం నీళ్ళు ఒక్కో చుక్క వేశారు. మొదటి రెండూ లేతపసుపుగా ఉండిపోయాయి. వ్యాపారిది ఊదారంగు తిరిగింది. నమూనా నేరేడుపండు రసంలా అయింది.

సీసా మూత తీసి వాసన చూశారు. నా ముక్కు దగ్గర కూడా పెట్టారు. పులిసిన కల్లు వాసన.

"నేను ఎండబెట్టాను గదోయ్" అన్నారు. "కన్నబిడ్డలా చూశాను గదోయ్ దీన్ని."

మంచి కంటే చెడ్డే నయమనిపించే సమయాలుంటాయి. ఆయన చెడ్డవాడైతే నాకు కోప్పడటానికి వీలుండేది. ఇద్దరం పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళాం. కెమిస్టుగారు దాపరికం లేకుండా అంతా చెప్పారు. నమూనా చెడిపోయి ముందే కరుగుతోందనీ, చెడిపోయిన సరుకే దానితో సమంగా కరుగుతోందనీ, బాగున్న సరుకు దానికి దూరంగా పోతోందనీ.

పెద్ద డాక్టరుగారు పేపరువెయిటుని బల్ల మీద తిప్పారు. "ఎన్నాళ్ళ నుంచి?"

"చెప్పలేనండీ. నిరుటి వానాకాలం నుంచైనా ఉండొచ్చు."

"అయితే నిరుటి నుంచీ మనం సరే అన్నదంతా చెడ్డదీ, వద్దన్నదంతా మంచిదీ అని బోర్డు మీద రాయమంటారా?"

కెమిస్టుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మద్రాసుకి రాసి కొత్త సీసా తెప్పించండి. వచ్చాక ఆ గూడెం ఆయన మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటాడు."

"ఈలోపల ఆ కాగితం తీయించండి సార్" అన్నాను నేను. "తప్పు నమూనాదని ఇంకో కాగితం పెట్టించండి. లంకల్లో ఆ బిళ్ళలు మింగేవాళ్ళకి కడుపులో మంటలొస్తున్నాయండీ. మా ఊళ్ళో చూస్తున్నాను."

"వాళ్ళకి కారం ఎక్కువయ్యా, మంట రాకేం చేస్తుంది?" అన్నారాయన. "సరే, కాగితం పెడదాం. కింద సంతకం ఎవరిది? నీదా? బావగారి మందు మంచిదని బావమరిది సంతకమా?"

సంతకం పెట్టగల చెయ్యి నా పక్కనే ఉంది. అది చొక్కా గుండీ సవరించుకుంది, అంతే. పెట్టినా పెద్ద డాక్టరుగారు చింపేసేవారేమో. కాని ఆ చెయ్యి లేవలేదు. ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు ఆ గుండీ కనిపిస్తుంది, తెల్లటి ముత్యపుచిప్ప గుండీ. ఆ కొత్త సీసా మరుసటి ఏడు వేసవికి గాని రాలేదు. అప్పటికి దరఖాస్తు పెట్టుకోవటానికి గూడెంలో షాపు లేదు.

ఆ సాయంత్రం బండికి బావగారితో పాటు నేనూ గూడెం బయల్దేరాను. ఏలూరు వ్యాపారి గుమస్తా కూడా అదే బండి ఎక్కాడు. అతను వేరే పెట్టెలో ఉన్నాడు గాని, భీమడోలులో బండి ఆగినప్పుడు ఆ పెట్టెలోంచి నవ్వులు వినిపించాయి. "సున్నం బిళ్ళలంట!" అన్న మాట స్పష్టంగా తెలిసింది. అవతల చేలన్నీ నీళ్ళు. ఆ నీళ్ళ మీద పొద్దు వాలుతోంది.

పూళ్ళ స్టేషను దాటాక బావగారికి జరిగిందంతా చెప్పాను. ఆయన మొదట అర్థంకానట్టు చూశారు. తరవాత నవ్వటం మొదలెట్టారు. ఎదుటి బల్ల మీద ముసలాయన నిద్రలేచి చూశాడు.

"అయితే నాది మరీ బాగుండబట్టి పోయిందంటావు."

"అవునండీ."

"కాస్త కుళ్ళబెట్టి తీసుకొచ్చుంటే సరిపోయేదన్నమాట."

ఆయన సంచి ఒళ్ళోకి తీసుకున్నారు.

"ఈ ముక్క ఎవరికి చెప్పనోయ్ నేను? ఏవండీ, నా మందు నమూనా కంటే మంచిది, అందుకే వద్దన్నారు అని చెప్తే, నవ్వటానికి నోళ్ళు చాలతాయా గూడెంలో?" అని ఆయనే మళ్ళీ, "నువ్వు మాత్రం అడిగావు. అది చాలు లే" అన్నారు. చాలదని ఇద్దరికీ తెలుసు.

అక్క వీధిగుమ్మంలో నిలబడి ఉంది. "ఏమన్నారండీ?"

"వద్దన్నారు."

"ఏం, ఎందుకని?"

"మరీ బాగుందిట."

"మీ వేళాకోళాలకి వేళాపాళా లేదు. కాళ్ళు కడుక్కోండి" అని లోపలికి వెళ్ళింది. వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడు వినిపించింది. 

మర్నాడు శుక్రవారం. బావగారు రోజూ తీసే వేళకే షాపు తీశారు. గుమ్మం తుడిచి, బల్ల తుడిచి, డబ్బాలన్నీ పేరు ముందుకి కనిపించేలా తిప్పారు. శ్రావణమాసం కావటంతో పసుపు పాదాలతో ఆడవాళ్ళు పువ్వులకీ తమలపాకులకీ పోతున్నారు. స్టేషను నుంచి వచ్చేవాళ్ళు షాపు ముందుకి రాగానే మాటలాపి, దాటాక మళ్ళీ మొదలెడుతున్నారు. ఒకాయన ఆముదం కొన్నాడు. ఒకాయన గజ్జిమందు తీసుకున్నాడు. వాటికి ఏ అనుమానమూ లేదు.

తరవాత ఒకావిడ వచ్చింది. వాళ్ళమ్మకి కీళ్ళనొప్పులు. షాపు పెట్టినప్పటి నుంచీ బిళ్ళలు ఇక్కడే తీసుకెడుతోంది. బావగారు ఆవిణ్ణి చూడగానే ఆస్పిరిన్ డబ్బా మీద చెయ్యి వేశారు.

"అది కాదండీ" అందావిడ. ఆవిడకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియటం లేదు. "ఏలూరు ఆయన సరుకు మన ఊళ్ళో ఎక్కడ అమ్ముతారండీ? మావాళ్ళు అదే తెమ్మంటున్నారు. మీరేం అనుకోకండీ."

బావగారి చెయ్యి డబ్బా మీదే ఉంది.

"అనుకునేదేముందమ్మా. బజార్లోకి వెళ్ళు, కిరసనాయిలు కొట్టు పక్కన అరుగు మీద అమ్ముతారు." ఆవిడ వెనక్కి తిరిగింది. ఆయన మళ్ళీ పిలిచారు. "ఇదుగో, అమ్మా. పరగడుపున వెయ్యకు. అన్నం పెట్టి, పైన మజ్జిగ తాగించి, అప్పుడు వెయ్యి. కడుపులో మంటగా ఉందంటే ఆపెయ్యి."

"మీ బిళ్ళలకి ఇవన్నీ ఎప్పుడూ చెప్పలేదేవండీ?"

"వాటికి అక్కర్లేకపోయిందమ్మా."

ఆవిడ మలుపు తిరిగేదాకా చూశారు. తరవాత నా వైపు తిరక్కుండానే, "బండి వేళవుతోంది. నువ్వు బయల్దేరు. నీ గదికి నువ్వు వెళ్ళాలి గదా" అన్నారు.

వెళ్ళాను.